మాడిన పాకం

వీధిలో అందరూ ఆమెను మిషనక్క అనే పిలుస్తారు. ముందుగదిలో కిటికీ పక్కన వేసుకున్న కుట్టుమిషను, పొద్దున టీ గ్లాసు కింద పెట్టింది మొదలు దీపాలు వేసే వేళదాకా ఆడుతూనే ఉంటుంది. మెడలో కొలతల టేపు, పెదవుల మధ్య గుండుసూదులు. నోట్లో సూదులుండగానే మాట్లాడటం ఆమెకు బాగా అలవాటు. ఆ మాటలు అర్థం చేసుకోవడం వీధివాళ్ళకు అంతకన్నా బాగా అలవాటు.

ఆమె పెళ్ళి చేసుకోలేదు. చేసుకోవలసిన వయసులో తల్లి పోయింది. తండ్రి అంతకుముందే పోయాడు. చేతికింద తమ్ముడు మిగిలాడు. వాణ్ణి చదివిద్దామని చాలా ఆరాటపడింది కానీ వాడికి చదువు అబ్బలేదు, పిండి పిసకడం అబ్బింది. బేకరీల్లో పనిచేసి పనిచేసి, చివరికి రెండు వీధుల అవతల సొంతంగా ఒక చిన్న బేకరీ పెట్టుకున్నాడు. అక్కాతమ్ముళ్ళిద్దరూ ఒకే ఇంట్లో, మేడ మీద వాటాలో ఉండేవారు. వాడు తెల్లవారకముందే వెళ్ళిపోయేవాడు. మధ్యాహ్నం ఆమె క్యారియర్ పట్టుకుని వెళ్ళి, వాడు తినేదాకా కూర్చుని, ఖాళీ గిన్నెలతో తిరిగి వచ్చేది.

చలికాలం వచ్చి నారింజలు చవగ్గా దొరికే రోజుల్లో ఆ ఇంట్లో ఇంకో పని ఉండేది. తొక్కల పాకం. పండ్లను నాలుగు గాట్లు పెట్టి తొక్క ఊడదీసి, చేదు పోయేదాకా నీళ్ళు మార్చి మార్చి ఉడికించి, సన్నగా కోసి, పంచదార పాకంలో వేసి, పాకం ముదిరి తొక్కలకు తెల్లగా పట్టుకునేదాకా గరిటె ఆపకుండా తిప్పాలి. ఆరాక అవి పంటి కింద కరకరలాడేవి. అది అమ్మ చేసిన పద్ధతి. తమ్ముడు వాటినే ముక్కలు చేసి కేకుల్లో కలిపేవాడు. ఆ కేకుల కోసం పక్క పేటలనుంచి కూడా మనుషులు వచ్చేవారు. "మా అక్క చేతి తొక్కలండీ" అని వాడు కౌంటరు దగ్గర చెబుతుంటే, క్యారియర్ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ ఆమె ఏమీ విననట్టు ముఖం పెట్టుకునేది. విననట్టు ముఖం పెట్టడం కోసమే అక్కడ కాస్త ఎక్కువసేపు నిలబడేది కూడా.

తర్వాత తమ్ముడికి పెళ్ళయింది. ఆ సంబంధం చూసింది ఆమే. పిల్ల నెమ్మదస్తురాలు, మాట తక్కువ, పని ఎక్కువ అని పదిమందికీ చెప్పుకుంది. మరదలు వచ్చిన మొదటి చలికాలం, వదిన తొక్కలు చేస్తుంటే పక్కనే నిలబడి చూసింది. ఒక్క మాట అడగలేదు. రెండో చలికాలం మొదలయ్యాక ఒక రోజు, తమ్ముడు సంచి నిండా నారింజలు తెచ్చి, ముందుగదిలో ఆగకుండా తిన్నగా వంటింట్లోకి వెళ్ళాడు.

"అక్కకి కుట్టుపని ఊపిరాడకుండా ఉంది. ఈసారి నువ్వు చేస్తావా?" అని భార్యను అడగడం మిషను శబ్దంలోనూ ఆమెకు స్పష్టంగా వినిపించింది.

ఊపిరాడకుండా ఉందని ఎవరు చెప్పారు వీడికి? ఆమె కాలు ఆగింది. మళ్ళీ ఆడింది. తన మీద దయతోనే అన్నాడని ఆమెకు తెలుసు. ఆ దయే ఆమెకు మింగుడుపడలేదు.

మరదలి పద్ధతి వేరు. ఆమె పిన్ని మిఠాయిల దుకాణంలో పెరిగిన మనిషట, అక్కడ నేర్చుకుందట. ఉడికించిన తొక్కలను లేతపాకంలో వేసి, ఒక నిమ్మచెక్క పిండి, మంట చిక్కుడు గింజంత పెట్టి వదిలేస్తుంది. గరిటె పెట్టి తిప్పదు. కాసేపటికి దింపి మూత పెడుతుంది. మర్నాడు మళ్ళీ పొయ్యి మీదకు. ఇలా వారం నడుస్తుంది ఆ కథ. చూసేవాళ్ళకు ఓపిక నశిస్తుంది కానీ చేసే మనిషికి నశించదు.

"ఇదేం పనమ్మాయ్, బాలింతకి పథ్యం పెట్టినట్టు రోజుకింత," అంది మిషనక్క.

"పాకం లోపలిదాకా పోవాలి కదా వదినా," అంది మరదలు, తొక్కలనే చూస్తూ.

వారం తర్వాత జల్లెడ మీద ఆరబెట్టిన తొక్కల్లోంచి వెలుతురు కనబడింది. గాజు ముక్కల్లా ఉన్నాయి. తమ్ముడు ఒకటి నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. ఆ కళ్ళు మూసుకోవడం మిషనక్క చూసింది. ఇన్నేళ్ళలో తన తొక్కలు తిన్నప్పుడు వాడు బాగుందన్నాడు, ఇంకొకటి పెట్టమన్నాడు, జేబులో వేసుకుని పోయాడు. కళ్ళు మాత్రం ఎప్పుడూ మూసుకోలేదు.

ఇంట్లో ఎవరూ లేని సమయం చూసి ఆమె డబ్బా మూత తీసి ఒకటి తీసుకుంది. చప్పగా ఉంటే బాగుండుననుకుంది. జిగురుగా ఉన్నా ఫరవాలేదనుకుంది. తీరా నోట్లో వేసుకుంటే అది మెత్తగా విరిగి, ముందు తీపి, వెనకాల సన్నటి చేదు, ఆ వెనక పండు వాసన నాలుక మీద నిలిచిపోయింది. చాలా బాగుంది. అసలు బాధ అదే. ఇంకొకటి కూడా తిని, డబ్బా కదిపి పైన సమంగా సర్ది, మూత పెట్టి వచ్చి మిషను ముందు కూర్చుంది. ఆ రోజు కుట్టిన జేబులు రెండూ వంకరగా వచ్చాయి.

అప్పటినుంచి ఇంట్లో ప్రతిదీ ఆమెకు కంట్లో నలుసైంది. క్యారియర్ ఇప్పుడు మరదలు పట్టుకెళ్తుంది. అదీ సహజమే. పెళ్ళాం ఉండగా అక్క ఎందుకు మోయాలి? కానీ వెళ్ళిన మనిషి తిరిగి రావడానికి ఎంతసేపు పడుతుందో మిషనక్క చెవులు లెక్కపెడుతూనే ఉండేవి. మెట్ల మీద తమ్ముడి అడుగులు వినిపించినప్పుడు, ముందుగదిలో ఆగుతాయా, వంటింటి వైపు పోతాయా అని వినేది. ఎక్కువగా వంటింటి వైపే పోయేవి. ఒకసారి గౌను కొలతలివ్వడానికి వచ్చిన మందుల షాపు ఆవిడ, "మీ మరదలి చేతి తొక్కలు అమృతమమ్మా. నువ్వు నేర్పించావా?" అని అడిగింది.

మిషనక్క నోట్లో సూదులున్నాయి. ఆమె అన్న జవాబు అవునో కాదో మందుల షాపు ఆవిడకు తెలియలేదు. మిషనక్క కావాలనే తెలియనివ్వలేదు.

ఆ రోజుల్లోనే ఫొటో స్టూడియో ఆయన కూతురి పెళ్ళికి కేకు కావాలని బేకరీకి వచ్చాడు. ఇంతవరకూ తమ్ముడు చెయ్యనంత పెద్ద కేకు. నారింజ తొక్కలు లోపలా ఉండాలి, పైన అలంకరణకూ ఉండాలి. ఊళ్ళో నలుగురూ చూసే పెళ్ళి. కేకు బాగుంటే బేకరీకి ఇక తిరుగుండదు. తమ్ముడు రెండు సంచుల నారింజలు మోసుకొచ్చాడు. మరదలు పెద్ద గిన్నె పొయ్యి మీదకు ఎక్కించింది. వారమంతా ఇల్లు నారింజ వాసనతో నిండిపోయింది. మిషనక్క కుట్టే బట్టలకు కూడా ఆ వాసన పట్టింది. బట్టలు తీసుకెళ్ళేవాళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని "అబ్బ, ఎంత బాగుంది" అంటుంటే ఆమెకు ఒళ్ళు మండిపోయేది.

చివరిరోజు మధ్యాహ్నం. పాకం ఆఖరి ఉడుకు మీద ఉంది. ఇంకాసేపు ఉడికితే తొక్కలు తీసి ఆరబెట్టడమే. మరదలు క్యారియర్ సర్దుకుని ముందుగదిలోకి వచ్చింది.

"వదినా, పొయ్యి మీద గిన్నె ఉంది. మంట తగ్గించే పెట్టాను. నేను వచ్చేదాకా ఒక కన్ను వేసి ఉంచుతారా?"

"నువ్వు వెళ్ళు," అంది మిషనక్క, చొక్కా చెయ్యి మిషను మీద సర్దుకుంటూ.

మెట్లు దిగిన చప్పుడు వినిపించాక ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళింది. చూద్దామనే వెళ్ళింది. గిన్నెలో తొక్కలు బంగారు రంగులో మెరుస్తున్నాయి. ఆ వాటాలో పొయ్యి తనది, గిన్నె అమ్మది, గరిటె తను కొన్నది. వాటితో చేసిన ఈ తొక్కలు మాత్రం తనవి కావు. పాకం ఇంకా పలచగానే ఉన్నట్టుందే, అనుకుంది. ఇంత చిన్న మంట మీద ఎప్పటికి దగ్గరపడుతుంది? కాస్త పెంచితే త్వరగా అవుతుంది, అమ్మాయికే సాయం చేసినట్టవుతుంది. అలా అనుకుంటూనే పొయ్యి మర తిప్పింది. కాస్తే తిప్పాలనుకుంది. చెయ్యి పూర్తిగా తిప్పింది. గిన్నె అడుగున నీలం మంట వెడల్పుగా పరుచుకుంది.

ఆమె వచ్చి మిషను ముందు కూర్చుంది.

ముందు వచ్చిన వాసన బాగానే ఉంది, వేడి తీపి వాసన. తర్వాత అది చిక్కబడింది. ఇంకాసేపటికి అందులో ఘాటు కలిసింది. ఇప్పుడు లేవాలి, అని ఆమెకు తెలుసు. ఈ కుట్టు పూర్తి చేసి లేస్తాను, అనుకుంది. కుట్టు పూర్తయింది. ఇంకో కుట్టు మొదలుపెట్టింది. ఆమె కాళ్ళు మిషనును తొక్కుతూనే ఉన్నాయి. శబ్దం ఎంత గట్టిగా వస్తే అంత నయమన్నట్టు ఇంకా వేగంగా తొక్కాయి. వంటింటి గుమ్మంలోంచి పొగ నల్లటి దారంలా బయటికి వచ్చినప్పుడు గానీ ఆమె లేవలేదు.

పరుగెత్తి పొయ్యి ఆర్పింది. గిన్నెలో ఏముందో చూడటానికి ధైర్యం చాల్లేదు. కిటికీ తెరిచి నిలబడింది. వెనక్కి వచ్చి చూసుకుంటే, చొక్కాకు ఎడమ చెయ్యి కుట్టవలసిన చోట కుడి చెయ్యి కుట్టి ఉంది.

మరదలు గుమ్మంలోనే ఆగిపోయింది. ఖాళీ క్యారియర్ కింద పెట్టి, పొయ్యి దగ్గరికి వెళ్ళి, గిన్నెలోకి ఒకసారి, మర వైపు ఒకసారి చూసింది. బొగ్గు ముద్దలాంటి దాన్ని గరిటెతో కదపబోతే గరిటె అతుక్కుపోయింది.

"ఈ చొక్కా అర్జెంటుగా ఇవ్వాలి. అందులో పడి చూసుకోలేదమ్మాయ్," అంది మిషనక్క. తన గొంతు తనకే పరాయిగా వినిపించింది.

మరదలు గిన్నెలో వేడినీళ్ళు పోసి నానబెట్టింది.

సాయంత్రం తమ్ముడు మెట్లెక్కుతూనే వాసన పట్టాడు. "ఏం మాడింది?" అంటూ లోపలికి వచ్చి గిన్నె చూసి, తల పట్టుకుని గోడకు ఆనుకున్నాడు.

మిషనక్క నోరు తెరిచేలోపే మరదలు అంది: "నాదే పొరపాటు. మంట తగ్గించాననుకుని పెంచేసి వచ్చినట్టున్నాను."

వాడు సాధారణంగా గొంతు పెంచే మనిషి కాదు. ఆ రోజు పెంచాడు. "అనుకోవడమేంటి? కళ్ళు పెట్టి చూసుకోవద్దా? ఎల్లుండి పెళ్ళి. రేపు సాయంత్రానికి కేకు పొయ్యిలో ఉండాలి. ఆయనకి నా ముఖం ఎలా చూపించను? అక్క ఇంట్లో ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఇల్లే తగలబడేది."

ఈ మాట కోసం మిషనక్క ఎన్ని రోజులుగా ఎదురుచూసిందో. మరదలు వాడి చేత చివాట్లు తినడం, 'అక్క ఉంది కాబట్టి' అని వాడు అనడం. రెండూ ఒకేసారి దొరికాయి. మొదటి క్షణం గుండెలో ఏదో చల్లగా పడింది. ఆ వెంటనే మరదలి మెడ వెనక భాగం కనిపించింది. తల దించుకుని నిలబడిన మనిషి మెడ, పైన చెమటకు అంటుకున్న వెంట్రుకలు. దొరికిన చల్లదనం కాస్తా అక్కడికక్కడే ఆవిరైంది.

తమ్ముడు అక్క వైపు తిరిగాడు. "నువ్వే గట్టెక్కించాలి అక్కా. తన పద్ధతిలో చెయ్యడానికి వారం కావాలి. నీ పద్ధతైతే ఒక్కపూటలో అయిపోతుంది కదా?"

"అయిపోతుంది," అంది ఆమె.

వాడు మళ్ళీ నారింజలు తేవడానికి బయటికి పరిగెత్తాడు. ఇంట్లో ఆడవాళ్ళిద్దరే మిగిలారు. మరదలు కూర్చుని గిన్నె అడుగు గీకుతోంది. ఆ గీకుడు చప్పుడు మిషనక్క పళ్ళను జివ్వుమనిపించింది.

ఇంతా చేసి ఆమెకు ఇప్పుడు కోపం వచ్చింది. చివరికి మంచితనంలో కూడా ఈ పిల్లే గెలిచిందా? తప్పు నెత్తిన వేసుకుని, దేవతలా తల దించుకుని నిలబడిందా? తొక్కల్లో గెలిచింది చాలదా?

"నేను చేసిన తప్పు నువ్వెందుకు మోశావు? నేను అడిగానా?" అంది.

మరదలు గీకడం ఆపింది. "నేను పెట్టినప్పుడు మంట గింజంత ఉంది. వచ్చి చూసేసరికి మర పూర్తిగా తిరిగి ఉంది. మీరు మర్చిపోలేదు వదినా. తిప్పారు."

మిషనక్క చూపు పొయ్యి మర మీదికి పోయింది.

"నేను మంచిదాన్ని కాబట్టి చెప్పలేదనుకోకండి. చెబితే ఆయన నమ్మడు. 'మా అక్కా? మా అక్క అలా చేస్తుందా?' అంటాడు. అప్పుడు పాకం పోయిందీ కాక, మీ మీద చాడీలు చెప్పినదాన్ని అవుతాను. ఆ మాట పడ్డాక ఈ ఇంట్లో నేనెలా ఉండాలి? మరపుమనిషినని అనిపించుకోవడమే నయమనిపించింది."

"వాడు అలా అంటాడని నీకెలా తెలుసు?"

మరదలు నవ్వింది. ఆ నవ్వులో సంతోషం లేదు. "ఆయన ప్రతి మాటా 'అక్కయితే' అని మొదలవుతుంది. పులుసులో ఉప్పు సరిపోయిందా అంటే, 'అక్కయితే కాస్త తగ్గిస్తుంది.' పరదా రంగు బాగుందా అంటే, 'అక్కని ఒకమాట అడుగుదాం.' నా తొక్కలు మొదటిసారి తిన్నప్పుడు కళ్ళు మూసుకుని ఏమన్నాడో తెలుసా? 'అక్క చేసినవి కరకరలాడేవి, చిన్నప్పుడు బడికి పట్టుకెళ్ళేవాణ్ణి' అన్నాడు. తింటున్నది నావి, తలుచుకున్నది మీవి. నాకు ఆ రోజు కడుపు ఎంత రగిలిపోయిందో మీకు తెలియదు."

సిగ్గుపడవలసిన సమయం అని మిషనక్కకు తెలుసు. కానీ నోరు ఊరుకోలేదు.

"నిజంగా అలా అన్నాడా?"

మరదలు తలెత్తి చూసింది. "ఇప్పుడు కూడా మీకు అదే కావాలా?"

మిషనక్క ముఖం ఎర్రబడింది. వచ్చి ఎదురుగా కూర్చుని, గిన్నె తన వైపు లాక్కుని, తను గీకడం మొదలుపెట్టింది. మరదలు వద్దనలేదు. సాయంగా ఇంకో చెంచా తెచ్చుకోనూ లేదు. గోడకు ఆనుకుని కూర్చుని చూసింది.

నారింజలు వచ్చాయి. ఆ సాయంత్రం ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోకుండానే పనిచేశారు. ఒకరు గాట్లు పెడితే ఒకరు తొక్క ఊడదీశారు. నీళ్ళు మరిగించడం, వంచడం, మళ్ళీ పోయడం. తొక్కల లోపలి తెల్లటి పొరను మరదలు చెంచా అంచుతో గీకేస్తుంటే, "ఎందుకంత గీకుతావ్, కాస్త ఉండాలి, అదే పాకం పీలుస్తుంది," అంది మిషనక్క. పాకం ముదురుతున్నప్పుడు మరదలు నిమ్మచెక్క అందించి, "కొంచెం పిండండి. మరీ ఇసకలా గరుకుగా రాదు," అంది. మిషనక్క ఒక్క క్షణం ఆగి, పిండింది. అమ్మ పిండేది కాదు. పిండినందుకు ఎవరూ ఏమీ అనలేదు. గరిటె తిప్పీ తిప్పీ ఆమె భుజం పట్టేస్తే మరదలు అందుకుంది; మరదలు తిప్పడం నెమ్మదిగా ఉందని ఆమె మళ్ళీ లాక్కుంది.

తొక్కలు వచ్చాయి. పైన సన్నగా మంచు పట్టినట్టు పంచదార, లోపల ఇంకాస్త మెత్తదనం. అటు ఆమెవీ కావు, ఇటు ఈమెవీ కావు.

మర్నాడు పొద్దున డబ్బాలు తీసుకెళ్ళడానికి తమ్ముడు వచ్చాడు. ఒకటి తిన్నాడు. ముఖం విప్పారింది. "బతికించావు అక్కా," అని, భార్య వైపు తిరిగి, నవ్వుతూనే అన్నాడు: "ఇకనుంచి పొయ్యి దగ్గర అక్క ఉంటుంది. నువ్వు దూరంగా కూర్చుని చూడు."

సరదాకే అన్నాడు. మరదలు కూడా నవ్వినట్టే పెదవులు కదిపింది. ఆ పెదవుల కదలిక చూసేసరికి ఇక తట్టుకోవడం మిషనక్క వల్ల కాలేదు.

"తప్పు అది తనమీద వేసుకుందిరా. మంట పెంచింది నేను," అంది.

తమ్ముడు నవ్వాడు. "చాల్లే అక్కా. నీ చేతిలో ఇన్నేళ్ళలో ఎప్పుడైనా పాకం మాడిందా? దాన్ని వెనకేసుకొస్తున్నావు."

మరదలు మిషనక్క వైపు చూసింది. నేను చెప్పలేదా, అన్నట్టు కూడా చూడలేదు. ఉత్తగా చూసింది, అంతే. ఇన్నాళ్ళూ తనకు లేకుండా పోయిందని మిషనక్క ఏ నమ్మకం కోసం కుళ్ళుకుందో, అది గుట్టలా తన ముందే పడి ఉంది. ఎంత తోసినా కదలనంత ఉంది. దాని కింద ఇంకో మనిషికి ఊపిరి ఆడటం లేదు.

"నోరు మూసుకుని విను," అంది. వాడి చిన్నప్పుడు తప్ప వాడితో ఎప్పుడూ మాట్లాడని గొంతుతో అంది. "అది నాకు అప్పజెప్పి వెళ్ళింది. నేను వంటింట్లోకి వెళ్ళి, మర పూర్తిగా తిప్పి, వచ్చి మిషను తొక్కుతూ కూర్చున్నాను. మాడుతున్న వాసన వచ్చింది. లేవలేదు. పాడవ్వాలనే లేవలేదు. అర్థమైందా?"

తమ్ముడి చేతిలో డబ్బా మూత ఉంది. దాన్ని పెట్టబోయి ఆగిపోయాడు. "ఎందుకు?" అన్నాడు.

"దాని తొక్కలు బాగుంటున్నాయని."

ఆ జవాబు బయటికి వచ్చాక, ఇంత పెద్ద పనికి కారణం ఇంత చిన్నదా అని ఆమెకే అనిపించింది. వాడు మూత పెట్టాడు. భార్య వైపు చూశాడు, ఏదో అనబోయాడు. "పద, ఆలస్యమవుతుంది, కేకు చూసుకో," అని మరదలే వాణ్ణి పంపించింది. వెళ్తూ వాడు అక్క ముఖం వైపు చూడలేదు.

వాడు వెళ్ళాక మరదలు అంది: "ఎందుకు చెప్పారు? నేను అడగలేదు కదా."

"నువ్వు అడిగావని చెప్పలేదు."

"ఇప్పుడు ఆయన మీతో మునుపటిలా ఉండడు."

"తెలుసు," అంది మిషనక్క. మిషను దగ్గరికి వెళ్ళి, తప్పుగా అతికించిన చొక్కా చేతిని కత్తెర మొనతో విప్పడం మొదలుపెట్టింది.

మరదలు అన్నట్టే అయింది. కొన్నాళ్ళు తమ్ముడు ఆమెతో మర్యాదగా మాట్లాడాడు. "భోంచేశావా అక్కా?" "ఏమన్నా కావాలా అక్కా?" పరాయి ఇంటికి వచ్చిన పెద్దమనిషితో మాట్లాడినట్టుండేది. ఆ మర్యాద తిట్టుకన్నా ఎక్కువ తగిలింది ఆమెకు. అయినా అడగలేదు, బతిమాలలేదు. భార్యకు కూడా వాడు ఒకటి రెండు రోజులు కాళ్ళకూ చేతులకూ అడ్డంపడుతూ, అరిచినందుకు ఏం చెయ్యాలో తెలియక తిరిగాడు. మరదలు వాణ్ణి అంత తేలిగ్గా వదల్లేదు. ఒక సాయంత్రం వంటింట్లోంచి వాళ్ళిద్దరూ పోట్లాడుకోవడం మిషనక్కకు వినిపించింది. మరదలు గొంతు పెద్దది చేసి మాట్లాడటం ఆమె వినడం అదే మొదటిసారి. ఆ రోజు మిషను ఆపి కూర్చుని, చెవులప్పగించి విన్నది. పోట్లాటలో తన పేరు రాలేదు. వాళ్ళిద్దరి సంగతులే వచ్చాయి. తను లేకుండా వాళ్ళకు ఇన్ని సంగతులున్నాయా అని, మళ్ళీ కాస్త గుచ్చుకుంది.

అది అలా గుచ్చుకుంటూనే ఉంది. క్యారియర్ పట్టుకుని మరదలు మెట్లు దిగుతున్నప్పుడు ఇప్పటికీ ఆమె కాలు మిషను మీద ఒక్క క్షణం తడబడుతుంది. అయితే ఇప్పుడు ఆమెకు ఇంకో సంగతి కూడా తెలుసు. తను మెట్లు దిగి బేకరీకి వెళ్ళి, తమ్ముడితో మాట్లాడి తిరిగి వస్తే, వంటింట్లో గిన్నెల చప్పుడు కాస్త పెద్దదవుతుంది. ఒకసారి అలా చప్పుడైనప్పుడు, "ఏమీ మాట్లాడుకోలేదులే, పిండి రేటు పెరిగిందని చెప్పాడు," అంది మిషనక్క, అడక్కుండానే. లోపల చప్పుడు తగ్గింది.

పెళ్ళయిన కొన్ని రోజులకు ఫొటో స్టూడియో ఆయన బేకరీకి వచ్చి, కేకు సంగతి ఎత్తి తెగ పొగిడాడట. మునుపు తిన్న మెత్తటి తొక్కలు కావు, అంతకుముందటి కరకరలాడేవీ కావు, ఇవి వేరే, ఇవే బాగున్నాయి, ఎవరు చేశారు అని అడిగాడట. తమ్ముడు ఇంటికి వచ్చి, ఆ రోజు చాలా రోజుల తర్వాత ముందుగదిలో ఆగి, కుట్టుబట్టల పక్కన కూర్చుని ఈ కబురు చెప్పాడు. మరదలు చెయ్యి తుడుచుకుంటూ వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"ఎవరు చేశారని చెప్పావు?" అన్నారు ఇద్దరూ, ఒకేసారి.

తమ్ముడు ఒకరి ముఖం నుంచి ఇంకొకరి ముఖానికి చూశాడు. ఈమధ్య వాడికి కాస్త జాగ్రత్త అలవాటైంది.

"మా ఇంట్లోవాళ్ళు అని చెప్పాను," అన్నాడు.

మిషనక్క సూదులు నోట్లో పెట్టుకుని మిషను వైపు తిరిగింది. మరదలు లోపలికి వెళ్ళిపోయింది. ఆ జవాబు ఇద్దరికీ నచ్చలేదు.